చెంప నేలకి ఆనించి

ఆ రోజు సింధియా జంక్షన్‌లో బస్సు దిగి
మల్కాపురం వైపు నడిచాను.
ఇల్లు ఎవర్నీ అడగక్కర్లేకపోయింది, నూకరత్నం గారూ.
గుమ్మం బయట అన్ని జతల చెప్పులు చూసి
కాళ్ళు వాటంతటవే ఆగాయి.

మా లాఫ్టు బయటా అంతే.
చెప్పులు విడిచి వెళ్ళాలి లోపలికి.
ఓడ ఉండేది అక్కడ,
చెక్క నేల మీద, సుద్ద గీతల్లో,
ఉన్నంత పొడవూ, ఇంకా ఇనుము కాకముందు.
"తొక్కితే తొక్కుగానీ పాదం ఈడవకమ్మా."
ముత్యాలు గారు నాతో అన్న మొదటి మాట అది.
ఐటీఐ సర్టిఫికెట్టు చూడలేదు,
నా కాళ్ళు చూశారు.

సన్నటి టేకు బద్దని వంచి
దాని పొడుగునా సీసపు దిమ్మలు పెట్టేవారు.
వాటిని బాతులంటారని తెలిసి నవ్వాను.
"నవ్వు. గుడ్లెట్టవు గానీ, ఓడల్ని పొదుగుతాయివి."
గీత గీశాక నిలబడి చూడనిచ్చేవారు కాదు.
"పైనుంచి సూత్తే అన్నీ బాగానే ఉంటాయి.
సెంప నేలకి ఆనించి సూడు."
ఒక కన్ను మూసి చూసేదాన్ని.
నున్నటి గీతలో ఎక్కడో
అన్నంలో రాయిలా చిన్న ఎత్తు.
"మనం ఒగ్గేసినా, నీళ్ళు ఒగ్గవు దాన్ని."

ఒకసారి అరంగుళం తప్పాను.
అప్పటికే ప్లేటు కోసేశారు.
తప్పు తన మీద వేసుకుంటారని
నిజం చెప్పాలంటే, ఆశపడ్డాను.
వేసుకోలేదు.
ఫోర్‌మన్ గదికి నన్నే పంపి
బయట రెండు టీలు పట్టుకుని నిలబడ్డారు.
నేనొచ్చేసరికి రెండూ చల్లారిపోయాయి.
తనదైనా తాగలేదు ఆ మనిషి.

ఈత రాదు. పడవెక్కితే వాంతులు.
యారాడ కొండ దాటి సముద్రంలోకి
ఒక్కనాడూ వెళ్ళలేదు.
ఓడ నీళ్ళలోకి జారే రోజు
అందరూ కొబ్బరికాయ దగ్గరుంటే
ఈయన లాఫ్టులో మోకాళ్ళ మీద కూచుని
ఆ ఓడనే తడిగుడ్డతో తుడిచేస్తుండేవారు,
తర్వాతి దానికి చోటు కావాలి కదా.
సైరన్ మోగితే
చెయ్యి ఒక్క క్షణం ఆగేది. అంతే.

తర్వాత కంప్యూటర్లొచ్చాయి. లాఫ్టు గోడౌనైంది.
నాకు ఏసీ గది, రెండు తెరలు.
రిటైరయ్యాక ఫిషింగ్ హార్బర్ నుంచి ఫోన్ చేసేవారు.
కానాగంతల ధర చెప్పి, తిట్టి,
చివర్న ఏదో గుర్తొచ్చినట్టు
"గీతలెలాగున్నాయి?"
తెర మీద ఎత్తులుండవండీ, అనేదాన్ని.
"అయితే సెంప ఎక్కడ ఆనిత్తావు?"
జవాబు చెప్పలేదు నేను.
పోయిన ఆషాఢంలో అడిగినప్పుడూ చెప్పలేదు.

ఓదార్చడం నాకు రాదు, నూకరత్నం గారూ.
ఆయన నేర్పని పని అది.
మీతో ఏదో చెప్పాలని వచ్చాను,
మీరే నా చెయ్యి పట్టుకుని
"పదేళ్ళయినా పాదాల పగుళ్ళలో
సుద్ద పోనేదమ్మా" అన్నారు.

హైమా,
నాన్న ఎప్పుడూ ఆ చెక్కల మీదే ఉండేవాడని
ఏడుపులోనే నిష్ఠూరమాడావు.
నిజమే.
నీకు రావలసిన సాయంత్రాలు కొన్ని
నా దగ్గరున్నాయి.
తిరిగివ్వలేను.
ఒక్కొక్కటీ చెప్పగలను,
నువ్వు వినాలనుకున్న రోజున.

ఇవాళ పెద్దకర్మకి తెచ్చిన ఈ సంచిలో
ఒక బాతుంది.
లాఫ్టు మూసేసిన రోజు దొంగిలించాను.
నీ కొడుక్కి చూపించు.
సీసం, నోట్లో పెట్టుకోనివ్వకు.
కాలి మీద పడితే వేలు చితుకుతుంది.

ఇంకొక్క మాట.
ఆ రోజు దండం పెట్టడానికి వంగితే
అలవాటుగా
నా చెంప మీ హాలు గచ్చుకి ఆనింది.
చాలాసేపు లేవలేదు.
ఏడుస్తోందనుకుని
ఎవరో నా వీపు నిమిరారు.

ఒక కన్ను మూసి
మడమల నుంచి నుదుటి దాకా
చూస్తున్నాను.